బారాణా బాకీ

ఎనభై రెండు. మా నోటుబుక్కులో అంతకు మించిన అంకె లేదు.

ఇంటర్ కెమిస్ట్రీ కోసం కొన్న లాంగ్ నోటుబుక్కు అది. మొదటి నాలుగు పేజీల్లో సాల్ట్ అనాలిసిస్, ఐదో పేజీ నుంచి దయ్యాలు. ఎడమవైపు పుస్తకం పేరు, రాసినాయన పేరు. కుడివైపు మార్కులు. కింద ఒకటి రెండు లైన్ల తీర్పు. ‘దయ్యం మూడో పేజీలోనే దొరికిపోయింది.’ ‘మాంత్రికుడికి మాటలెక్కువ.’ ‘భయం కాలేదు, జాలేసింది, అది కూడా రచయిత మీద.’ ఇప్పుడు చదువుతుంటే చెవులు పట్టుకుని గుంజీళ్లు తీయాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం మాకంటే పెద్ద విమర్శకులు నల్లగొండ జిల్లాలో లేరనే అనుకున్నాం.

మేం ముగ్గురం. 1996లో ఇంటర్ చదువుతున్నాం. ప్రకాశం బజార్ పక్క సందులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే షాపు కాదు, రెండిళ్ల మధ్య మిగిలిన సందుకు రేకు వేసి, అటూ ఇటూ చెక్కలు కొట్టారు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఆగాలి. ఇరవై రూపాయలు డిపాజిట్, నవలకు రోజుకు రూపాయి, వారపత్రికకు ఆఠాణా, అంటే అర్ధరూపాయి. పుస్తకాలకు గోధుమరంగు అట్టలు, వీపు మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు. లోపల మనకంటే ముందు చదివినవాళ్లు పెన్సిల్‌తో రాసిన మాటలు. ఒక డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ‘చంపింది వంటమనిషి’ అని ఎవరో రాసిపెట్టారు. ఆ చేతిరాత నాకు ఇప్పటికీ గుర్తుంది. మనిషి ఎక్కడైనా కనిపిస్తే అడగాలి, నీకేం పాపం చేశామయ్యా అని.

యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి అప్పటికే చాలా ఏళ్లయింది. కానీ అందులోని క్షుద్రశక్తి కాష్మోరా జనం మీద నుంచి ఇంకా దిగలేదు. పెన్ను పట్టడం వచ్చిన ప్రతివాడూ ఒక చేతబడి నవల రాసినట్టే ఉండేది. వాటిలో పత్రికలు వేసుకున్నవి కొన్నే. మిగిలినవి రచయితలే సొంత డబ్బులతో అచ్చేయించుకుని, సంచిలో వేసుకుని తిరిగి, చివరికి అద్దె షాపుల్లో రెండేసి కాపీలు ఊరికే ఇచ్చిపోయేవాళ్లు. మా షాపులో వాటికి కింది అర. నేలను ఆనుకుని ఉండేది, వానాకాలం చెదలు పట్టేది.

“గవి చారాణాకు తీస్కపోర్రి తమ్మీ, దుమ్ము దులిపినట్టయితది” అనేవాడు షాపాయన. అట్లా పావలాతో మొదలైంది.

ఆ పుస్తకాలకు ఒక రూపం ఉండేది. అట్ట మీద పుర్రె, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, చందమామ. ఈ మూడింట్లో రెండైనా తప్పవు. తెరిస్తే ముగ్గురో నలుగురో పెద్దమనుషుల ముందుమాటలు. వాళ్లలో ఒక్కరూ నవల చదివిన గుర్తు ఉండదు, రచయిత వినయం గురించే రాస్తారు. తర్వాత ‘నా మాట’. ఆ తర్వాత దాతల పేర్లు, ఒక్కొక్కరు ఎంతిచ్చారో సహా. వెనక అట్ట మీద సఫారీ సూట్‌లో ఫోటో. రాసినవాళ్లెవరంటే పోస్టుమాస్టరు, హోమియో డాక్టరు, హిందీ పండితుడు, పని పోయిన పట్వారీ. పట్వారీ నవలలో దయ్యం ఉన్న బావికి సర్వే నంబరు కూడా ఉంది. దానికి మేం ఐదు మార్కులు ఎక్కువ వేశాం.

అచ్చుతప్పుల సంగతి ఒక రోజంతా చెప్పొచ్చు. శవానికి గుడి తగిలి ‘అర్ధరాత్రి శివం లేచి కూర్చుంది’ అని పడింది ఒకచోట. ఇంకోదాంట్లో దయ్యానికి వత్తూ సున్నా రెండూ ఎగిరిపోయాయి: ‘ఆ రోజు నుంచి దయ నన్ను వెంటాడుతూనే ఉంది.’ మాలో ఒకడి నాయిన తెలుగు పండితుడు. ఈ వాక్యం మొత్తం నవల కంటే బాగుందని వాడు పట్టుబట్టాడు.

మార్కులు నూటికి. భయానికి నలభై, కథకు ముప్పై, భాషకు ఇరవై, అచ్చుకు పది. టెన్త్ లాగే ముప్పై ఐదొస్తే పాసు. భయానికి మా దగ్గర ఒక పరీక్ష ఉండేది. రాత్రి కరెంటు పోయినప్పుడు కందిలి పెట్టుకుని చదవాలి. చదవడం అయ్యాక కందిలి అక్కడే వదిలి, ఒక్కడే దొడ్లోకి పోయి రావాలి. పోగలిగితే ఆ పుస్తకానికి ఇరవై లోపే. గడప దాకా పోయి తిరిగొస్తే ఇరవై ఐదు. అమ్మను లేపితే ముప్పై. నలభైకి నలభై వేసే అవసరం ఏ పుస్తకానికీ రాలేదు.

కొన్నిటికి చూడగానే కోత. అస్థిపంజరం నవ్వితే మూడు పాయె. నిమ్మకాయ కోస్తే రక్తం కారిందని రాస్తే ఐదు పాయె. ఎందుకంటే జన విజ్ఞాన వేదిక వాళ్లు మా బడికొచ్చి ఆ పని చేసి చూపించారు. కత్తికి ముందే మందారపువ్వు రుద్ది పెడితే నిమ్మరసం తగలగానే ఎర్రగా దిగుతుంది. తొమ్మిదో క్లాసు పిల్లలకు తెలిసిన సంగతి మాంత్రికుడికి తెలియకపోతే ఎట్లా?

ఒక్క విషయంలో మాత్రం మాకు నవ్వు రాలేదు. ఊళ్లో ముసలామెను బాణామతి చేసేదని చూపించి, చివర్లో ఊరంతా కలిసి ఆమెను చంపేసే కథ ఒకటి వచ్చింది. రాసినాయన అది సంతోషంగా రాశాడు. అవ్వకు సాయంత్రాలు నేనే చదివి వినిపించేవాణ్ణి. అక్కడికొచ్చేసరికి “ఆపు బిడ్డా” అంది. అవ్వ తరఫువాళ్లది మహబూబ్‌నగర్ దిక్కు. అక్కడా మెదక్ దిక్కూ అనుమానమున్న మనిషిని పట్టుకుని పళ్లు రాలగొట్టేవాళ్లు. పళ్లు లేకపోతే మంత్రం నోరు తిరగదట. అట్లాంటివి పేపర్లో వస్తూనే ఉండేవి. అవ్వ పేపర్ చదివి చెప్పలేదు, ఆమె చూసింది. ఎవరినో ఏమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ పుస్తకానికి సున్నా వేసి కింద ఏమీ రాయకుండా వదిలేశాను.

ఆదివారాలు సైకిళ్లేసుకుని పానగల్లు పోయేవాళ్లం. ఉదయసముద్రం కట్ట ఎక్కి, అక్కణ్ణుంచి ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలపు గుడి, మూడు గర్భగుళ్లు. పడమటి గుళ్లో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దు తిరిగినా అది తిరగదు. పొద్దున చూసినా సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. అది ఏ స్తంభం నీడో కనుక్కోవాలని మేం ఒక్కో స్తంభం ముందు నిలబడి చూసేవాళ్లం. మన నీడ పడదు. ఆ నీడ చెరగదు. నోటుబుక్కులో ఒక పేజీ దీనికి కూడా కేటాయించి, భయం ముప్పై ఐదు అని రాసుకున్నాం. రచయిత పేరున్న చోట ఖాళీ.

ఆ రోజుల్లో నాకొక సిద్ధాంతం ఉండేది. కారణం తెలిస్తే భయం పోతుంది, కాబట్టి కారణం చెప్పే ప్రతి పేజీకీ మార్కులు కోసెయ్యాలి.

ఇక కాక.

మా గోడ అవతలే ఆయనిల్లు. ఆర్టీసీ కండక్టరు. సొంత కాక కాదు, కానీ సొంతవాళ్లను కూడా అంతగా పిలవలేదు. నెలలో సగం రోజులు నైట్ హాల్ట్ డ్యూటీ. సాయంత్రం బస్సుతో పోయి, ఆఖరి ఊళ్లో బస్సులోనే పండుకుని, తెల్లారి మొదటి ట్రిప్పు తోలుకొస్తారు. డ్యూటీ లేని పొద్దున గద్దె మీద పేపరు పరిచి చిల్లర కుప్పలు పెట్టేవాడు, చారాణాలొక కుప్ప, ఆఠాణాలొక కుప్ప. టికెట్టిచ్చేటప్పుడు చిల్లర లేకపోతే వెనక పెన్నుతో రాసిస్తారు కదా, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. చాలామంది మరిచిపోయి దిగిపోతారు. అట్లా మరిచిపోయినవాళ్ల లెక్క కూడా కాక ఒక చిన్న బుక్కులో రాసుకునేవాడు. చిన్నమ్మ దానికి నవ్వేది. “ఊరోళ్ల బాకీలు రాసుకునే కండక్టర్‌ను నేనొక్కదాన్నే చేస్కున్న” అనేది.

ఆ కాక నవల రాశాడని మాకు ప్రెస్సు నుంచి కట్టలు దిగినరోజు తెలిసింది. రిక్షాలో ఐదు వందల కాపీలు. చిన్నమ్మ వారం మాట్లాడలేదు, పీఎఫ్ లోన్ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. నవల పేరు ఇక్కడ రాయను. 160 పేజీలు, వెల ఇరవై రూపాయలు. అట్ట మీద బస్సు బొమ్మ, బండ్ల నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్ వేశాడు. అందుకే బస్సు నంబరు మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఆయన చేతుల మీదుగా తీసుకుంటే మొహమాటానికి మార్కులు వేయాల్సొస్తుందని, మేం షాపులో కింది అర నుంచి చారాణా ఇచ్చి తెచ్చుకున్నాం.

కథ చెప్పేది కండక్టరే. నల్లగొండ నుంచి చండూరు మీదుగా మర్రిగూడ వైపు పోయే రాత్రి బస్సు. కొన్నాళ్లుగా లెక్క తేలడం లేదు. ఎస్సార్ అని ఒక కాగితం ఉంటుంది కండక్టర్ల దగ్గర, ఏ స్టేజి దాకా ఏ నంబరు టికెట్ చింపాడో అందులో రాయాలి. చండూరు దాటాక ఈయన తలలు లెక్కపెడితే టికెట్ల కంటే ఒక మనిషి తక్కువ. బ్యాగు లెక్కపెడితే టికెట్ల కంటే 75 పైసలు, అంటే బారాణా, ఎక్కువ. రోజూ ఇంతే. తక్కువొస్తే జేబులోంచి వేసుకోవచ్చు. ఎక్కువొస్తే ఏం చెయ్యాలి? చెకింగ్ స్క్వాడ్ ఎక్కితే ఏం చెప్పాలి? ఆ టెన్షన్ గురించే నాలుగు పేజీలు రాశాడు. దయ్యం ఇంకా రాలేదు, మాకు అప్పటికే చెమటలు.

88వ పేజీలో వస్తుంది. చివరి సీట్లో కిటికీ పక్కన ఒకామె. ఈయన టికెట్ చింపి ఇస్తాడు. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు: ‘ఆమె నవ్వింది. పళ్లు తెల్లగా ఉన్నాయి. ఈ నీళ్లు తాగిన మనిషి కాదు.’

బయటివాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు మిల్లీగ్రామున్నర దాటితే తాగొద్దంటారు, అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. అసలు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, బతికున్నన్నాళ్లూ పోవు. ఆ రూట్లో ఏ బస్సెక్కినా నవ్విన ప్రతి నోట్లో ఆ చారలే. మా క్లాసులో సగంమంది నోట్లో అవే. అట్లాంటి బస్సులో తెల్లటి పళ్లు. జుట్టు విరబోయలేదు, కాళ్లు వెనక్కి తిరగలేదు. పళ్లు తెల్లగా ఉన్నాయంతే. ఆ పేజీ దగ్గర ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

అసలు దెబ్బ ఆ తర్వాత. 96వ పేజీ చివరి వాక్యం సగంలో ఆగుతుంది: ‘టార్చిలైటు వేసి చివరి సీటు వైపు చూసేసరికి’. పేజీ తిప్పాం. ‘టికెట్, టికెట్ అనుకుంటూ వెనక నుంచి మొదలుపెట్టాను.’ మళ్లీ అదే రాత్రి. అదే చండూరు, అవే తలలు, అదే 75 పైసలు, అవే తెల్ల పళ్లు. ఒక్క అక్షరం మారలేదు. చదువుతున్న నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది. మళ్లీ అదే సగం వాక్యం, ‘చూసేసరికి’. పేజీ తిప్పితే: ‘తెల్లారింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. చివరి సీటు మీద ఏమీ లేదు.’

ఆ రాత్రి దొడ్డి పరీక్ష పెట్టుకునే ధైర్యం ఎవరికీ రాలేదు.

పండితుడి కొడుకు మాత్రం పేజీల నంబర్లు చూసి అనుమానపడ్డాడు. “ఇది 81 నుంచి మళ్ల మొదలైందిరా, బైండింగ్‌ల తప్పు పడ్డట్టుంది” అన్నాడు. నేను కొట్టిపారేశాను. వాడు ఆ రాత్రిలోంచి బయటికి రాలేకపోతున్నాడు, అందుకే పేజీలు కూడా వెనక్కి తిరిగాయి, అది కాక తెలివి అని వాదించాను. చివరి మూడు ఫారాల్లో కాకకు కూడా మాంత్రికుడు తప్పలేదు కాబట్టి కొంత కోశాం. ఎనభై రెండు తేలింది.

మరునాడు ఆగలేక గోడ దూకాను. కాక గద్దె మీద చిల్లర ఏరుతున్నాడు.

“ఎన్నేసిర్రురా?” మా నోటుబుక్కు సంగతి ఆయనకు తెలుసు.

“ఎనభై రెండు కాకా.”

చేతిలో ఆఠాణా కుప్పలో పడింది. “ఎన్నిటికి?”

“నూటికి! ఆ రాత్రి రెండుమాట్ల వచ్చుడు మస్తు పెట్టినవ్ కాకా.”

“ఏ రాత్రిరా? రెండుమాట్ల ఏడొచ్చింది?”

పుస్తకం అడిగి తీసుకున్నాడు. బొటనవేలు తడి చేసుకుని, నోట్లు లెక్కపెట్టినట్టు పేజీలు లెక్కపెట్టాడు. పుస్తకాలు అచ్చేసేటప్పుడు పదహారు పేజీలకు ఒక ఫారం. ఆరో ఫారం 81 నుంచి 96, ఏడోది 97 నుంచి 112. ఫారాలు ఎత్తి కుట్టేచోట ఎవరి చెయ్యో తడబడి ఆరోది రెండు పడింది, ఏడోది అసలే లేదు. కాక ఏమీ అనకుండా లోపలికి పోయి మంచి కాపీ ఒకటి తెచ్చిచ్చాడు. “మొత్తం సదివి చెప్పు” అన్నాడు. పరీక్ష రాసిన పిల్లగాడి మొహం.

చదివాను. యాభై నాలుగు వేశాను. పోయి చెప్పాను కూడా.

“అంత తగ్గిందేందిరా?”

“దయ్యం బారాణా కోసం వచ్చుడేంది కాకా? నవ్వొచ్చింది. గా పదారు పేజీలు లేకపోతే నీ పుస్తకం ఎక్కడికో పోతది.”

“అట్లనా” అన్నాడు కాక. కాసేపాగి, చారాణాలు చారాణాల్లోకి, ఆఠాణాలు ఆఠాణాల్లోకి వేసుకుంటూ కూర్చున్నాడు. నేను గోడ దూకి వచ్చేశాను. కాలేజీకి టైమవుతోంది.

తర్వాత చదువుకు హైదరాబాద్, అక్కడే ఉద్యోగం. షాపు ఎప్పుడు మూతపడిందో సరిగ్గా గుర్తులేదు, ఒక పండక్కి వచ్చేసరికి ఎస్టీడీ బూత్ ఉంది, ఇంకో పండక్కి జిరాక్స్. మా ముగ్గురిలో ఒకడు దుబాయ్ పోయాడు. పండితుడి కొడుకు తెలుగు పండితుడే అయ్యాడు.

దయ్యాల పిచ్చి మాత్రం పోలేదు. ప్రతిలిపి లాంటివి వచ్చాక ఇప్పుడు ఎవరికీ పీఎఫ్ లోన్ అక్కర్లేదు. రాత్రి రాసిన కథ తెల్లారేసరికి ఫోన్లో ఉంటుంది. నేనూ ఆఫీసు బస్సులో కూర్చుని చదువుతాను, చుక్కలేస్తాను. నూటికి వేసే అలవాటున్నవాడికి ఐదు చుక్కలు ఇరుకు. పైగా మనవాళ్లు ‘సూపర్ అన్నా’ అని ఐదూ వేసేసి పోతారు, చదివారో లేదో. మూడిస్తే పగవాడిలా చూస్తారు. పాలమూరు పిల్లలమర్రి మీద ఒక కుర్రాడి కథ చదివాను. అందులో దయ్యం అసలు మాను వెనక దాక్కుంటుంది. పిల్లలమర్రికి అసలు మాను ఏదో ఎవరు చెప్పగలరు? ఊడలు దిగి మానులై, మూడెకరాలకు పైగా పాకిన చెట్టు. 2018లో చెదలు పట్టిందని దానికి సెలైన్ సీసాల్లో మందు పోసి చుక్కచుక్కగా ఎక్కించారు. వందల సీసాలు వేలాడుతున్న చెట్టు కింద రాత్రిపూట ఒక వాచ్‌మన్. నిజంగా జరిగింది పక్కన పెట్టుకుని మాను వెనక దాక్కునే దయ్యమెందుకు తమ్మీ అని రాద్దామనుకున్నాను. టైప్ చేసి, చెరిపేశాను.

ఎందుకు చెరిపేశానంటే, అప్పటికి కాక ఇంటి సజ్జ చూసి ఉన్నాను.

రెండేళ్ల కింద కాక మనవరాలి పెళ్లికని ఇంటికి రంగులేస్తున్నారు. నేను ఊళ్లో ఉన్నానని తెలిసి చిన్నమ్మ పిలిచింది, సజ్జ మీద సామాన్లు దింపనీకి. ఇత్తడి గుండిగలు, పాత సూట్‌కేసు, దాని వెనక పుస్తకాల కట్టలు. పురికొస, పైన ఆంధ్రజ్యోతి పేపరు. రెండు వందలకు పైనే ఉంటాయి. కట్ట విప్పి ఒకటి తెరిచాను. 96 తర్వాత 113.

బైండింగ్ తప్పు కాదు. మధ్యలో బ్లేడుతో కోసిన మొదళ్లు ఉన్నాయి, ఎనిమిది కాగితాలవి, స్కేలు పెట్టి కోసినట్టు సాఫుగా. ఇంకోటి తెరిచాను. అదీ అంతే. ఇంకోటి. 96వ పేజీ కింద, ‘చూసేసరికి’ పక్కన నీలం రీఫిల్ పెన్నుతో మూడు చుక్కలు. ప్రతి దాంట్లో. ఎస్సార్ రాసే చేతి చుక్కలు, ఒకే సైజువి.

“మీ కాక హాల్టింగ్‌ల కూసోని కోసిండు అవన్ని” అంది కింద నిచ్చెన పట్టుకున్న చిన్నమ్మ. “డ్యూటీకి పోయేటప్పుడు సంచిల ఏస్కపోయేటోడు. బ్లేళ్లు డబ్బకు డబ్బ.”

ఎప్పుడని అడిగాను. నువ్వు ఇంటర్‌ల ఉన్నప్పుడే అంది.

ఆ రాత్రి మా ఇంట్లో ట్రంకుపెట్టె తీశాను. కాక ఇచ్చిన మంచి కాపీ నోటుబుక్కు కిందే ఉంది. ఏడో ఫారం చదివాను, ముప్పై ఏళ్లకు దగ్గరపడుతుండగా.

టార్చి వేసి చూసేసరికి చివరి సీట్లో ఎవరూ లేరు. సీటు మీద ఒక టికెట్ ఉంది, పాతది. వెనక తన చేతిరాతే: 0-75. బస్సు మర్రిగూడ దాటి ఆఖరి ఊళ్లో బడి ముందు ఆగుతుంది. డ్రైవరు పండుకుంటాడు. కండక్టరు తన చిన్న బుక్కు తీసి వెనక్కి తిరగేస్తాడు. ఆరేళ్ల కిందటి పేజీలో దొరుకుతుంది: చండూరు, బారాణా, కొత్తగా వచ్చిన టీచరమ్మ. అప్పుడు గుర్తొస్తుంది. ఆమె దిగింది, ఈయన రైట్ రైట్ అన్నాడు, బస్సు కదిలింది. ఆమె వెనక చెయ్యెత్తి నాలుగడుగులు ఉరికింది. ‘పిలుస్తోందనుకోలేదు. టాటా చెప్తోందనుకుని నేనూ చెయ్యి ఊపాను.’ ఆమె తర్వాత ఎట్లా చనిపోయిందో, ఎప్పుడు చనిపోయిందో రాయలేదు. ఆ కండక్టరుకు తెలియదు కాబట్టి రాయలేదు. బ్యాగులోంచి మూడు చారాణాలు తీసి చివరి సీటు మీద పెట్టి వచ్చి ముందు సీట్లో కూర్చుంటాడు. నిద్ర రాదు. బయట కుక్కలు మొరగవు, గాలి వీచదు, అట్లాంటివేమీ జరగవు. ఆ మూడు బిళ్లలూ ఉన్నాయా లేవా అని వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది, చూడడు. ఆ చూడకపోవడమే ఆరు పేజీలు.

తర్వాత 113: తెల్లారింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. చివరి సీటు మీద ఏమీ లేదు.

ఛాయా సోమేశ్వరాలయం నీడకు ఫిజిక్స్ వాళ్లు కారణం చెప్పారు. ఒక స్తంభం నీడ కాదది. పక్కలనుంచి లోపలికొచ్చే వెలుతురు వల్ల నాలుగు స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తుంది, అందుకే పొద్దుతో పాటు తిరగదు. అది తెలిశాక మా అమ్మాయిని తీసుకుపోయి, కారణమంతా వివరంగా చెప్పి, చూపించాను. విని, కాసేపు చూసి, “నాన్నా, బయటికి పోదామా” అంది.

ఏడో ఫారం చదివిన మరునాడు పొద్దున్నే కాక దగ్గరికి పోయాను. ఈసారి గేటు గుండానే. డెబ్బై దాటింది, చెవి కొంచెం మందం. గద్దె మీద ఎండకు కూర్చున్నాడు. ఏడో ఫారం మంచిగుంది కాకా, పుస్తకంలో అదే మంచిగుంది అని కొంచెం గట్టిగానే చెప్పాల్సొచ్చింది. వీధిలో పోయేవాళ్లు కూడా చూశారు.

“ఇప్పుడు చెప్తే ఏం లాభంరా. కోసిన కాయితాలు మీ చిన్నమ్మ నీళ్ల పొయ్యిల పెట్టింది.” నవ్వాడు. “అయినా చారాణా బంద్ చేసిండ్రు గద. ఇప్పుడామె వస్తే బారాణా ఎట్ల ఇస్త?”

నిజమే. 2011 జూన్‌తో పావలా చెల్లకుండా పోయింది. రూపాయి ఇచ్చెయ్ కాకా అన్నాను.

“అప్పుడు చారాణా మనకు బాకీ పడ్తది ఆమె” అన్నాడు. దాని గురించి ఆయన ముందే ఆలోచించినట్టున్నాడు.

కాసేపాగి, “ఎన్నేస్తవ్ ఇప్పుడు?” అన్నాడు.

“తొంభై కాకా.”

నా మొహంలోకి చూశాడు, చెల్లని నోటిచ్చినవాణ్ణి చూసినట్టు. “గా నోటుబుక్కు ఉన్నదా ఇంకా?”

“ఉంది.”

“దాంట్ల యాభై నాలుగు కొట్టేసి, తొంభై రాసి, తీస్కరా. పక్కన సంతకం పెట్టు. కొట్టివేత ఉన్నకాడ సంతకం లేకుంటే చెల్లదు.”